వైరల్ జ్వరం తరువాత వచ్చే ఇన్‌ఫ్లమేషన్: దీర్ఘవ్యాధి ఉన్న పిల్లల తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాదులో ఒక పిల్లల క్లినిక్‌లో దీర్ఘవ్యాధులున్న పిల్లల కుటుంబాలతో మాట్లాడడం నా ఉద్యోగం. కీళ్లవాతం, లూపస్, నెఫ్రోటిక్ సిండ్రోమ్, సికిల్ సెల్, టైప్-1 మధుమేహం: జబ్బులు వేరైనా, జూలైలో ముసురు పట్టింది మొదలు నవంబరు దాకా ఫోనులో వినిపించే సందేహాలు ఇంచుమించు ఒకటే. వైరల్ జ్వరం రాగానే అందరూ కంగారు పడతారు, తగ్గగానే ఊపిరి పీల్చుకుంటారు. ఈ పిల్లల విషయంలో మాత్రం తగ్గిన తరువాతి రోజులనే ఎక్కువగా కనిపెట్టి చూడవలసి ఉంటుంది. ప్రశ్నలను తల్లిదండ్రులు అడిగిన మాటల్లోనే ఉంచాను. ఎవరికి కావలసిన చోట వారు చదువుకోవచ్చు. మందుల మోతాదు మార్చే నిర్ణయం మాత్రం బిడ్డను చూస్తున్న డాక్టరుదే.

## జ్వరాల కాలానికి ముందు

వైరల్ తగ్గాక కూడా ఒళ్లంతా ఇన్‌ఫ్లమేషన్ వస్తుందంటున్నారు, అదేమిటి?

దెబ్బ తగిలిన చోట ఎర్రబడి, వేడెక్కి, ఉబ్బడం కంటికి కనిపించే ఇన్‌ఫ్లమేషన్. వైరస్‌ను ఎదిరించడానికి శరీరం విడుదల చేసే సైటోకైన్లనే రసాయనాలు, పని ముగిశాక కూడా తగ్గకుండా గుండె, కాలేయం, పేగులు, రక్తనాళాల మీద పడినప్పుడు అదే లోపల జరుగుతుంది. మా దగ్గర ఎక్కువగా వినిపించే పేర్లు మూడు. కరోనా సోకిన 2 నుంచి 6 వారాలకు వచ్చేది మిస్-సి. సిస్టమిక్ జె.ఐ.ఎ. అనే కీళ్లవాతం, లూపస్ ఉన్న పిల్లల్లో రకరకాల వైరస్‌లు రేపగలిగేది మాక్రోఫేజ్ యాక్టివేషన్ సిండ్రోమ్ (రక్షణ కణాలు అదుపు తప్పి సొంత అవయవాలనే దెబ్బతీయడం), వాడుకలో మాస్. గుండె కండరానికి వచ్చేది మయోకార్డైటిస్.

మా బాబుకి ఇప్పటికే జబ్బుంది కాబట్టి ఇవన్నీ వాడికే ఎక్కువ వస్తాయా?

మిస్-సి విషయంలో అలా చెప్పలేము. 2020 ఏప్రిల్ చివరలో బ్రిటన్ వైద్యులు దాని గురించి తొలిసారి హెచ్చరించారు. ఆ తరువాత అది వచ్చిన పిల్లల్లో ఎక్కువమంది అంతకుముందు ఆరోగ్యంగా తిరిగినవారే, పైగా తరువాతి వేరియంట్లతో అది బాగా అరుదైంది. మాస్ సంగతి వేరు. సిస్టమిక్ జె.ఐ.ఎ. ఉన్న పిల్లల్లో సుమారు 10 శాతం మందికి ఏదో ఒక దశలో అది వస్తుంది, దాన్ని రేపేవాటిలో ఎప్‌స్టీన్-బార్ వంటి వైరస్‌లు ముందుంటాయి.

దీర్ఘవ్యాధి ఉన్న పిల్లలకు అసలు చిక్కు ఇంకొకటి. కొత్త ప్రమాదం పాత జబ్బు వేషంలో వస్తుంది. కీళ్లనొప్పి, దద్దుర్లు, నీరసం ఎప్పుడూ ఉండేవే కదా అని ఇంట్లోవాళ్లు, కొన్నిసార్లు వైద్యులు కూడా, ఒకటి రెండు రోజులు పోగొట్టుకుంటారు.

ఫైలే ఇంత లావుంది కదా, జ్వరాల వివరాలు మళ్లీ వేరే పుస్తకంలో ఎందుకు రాయమంటారు?

పుస్తకం అక్కరలేదు, ఒక పేజీ చాలు. అందులో ఉండవలసినవి బిడ్డ బరువు, ప్రస్తుతం వాడుతున్న మందులు, జబ్బు అదుపులో ఉన్నప్పుడు బిడ్డకు మామూలుగా ఉండే అంకెలు (హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్స్, ఇన్‌ఫ్లమేషన్‌ను చూపే సి.ఆర్.పి., ఫెరిటిన్, ఇంకా బీపీ), ప్రతి జ్వరం మొదలైన తేదీ, తగ్గిన తేదీ. బోడుప్పల్ నుంచి వచ్చే ఒక అమ్మ పాల లెక్క రాసుకునే పుస్తకంలో చివరి పేజీని దీనికి కేటాయించుకున్నారు. పైన పాప బరువు, మందులు. మధ్యలో "మామూలుగా ప్లేట్‌లెట్స్ 5 లక్షల 80 వేలు". అడుగున "జ్వరం ఆగస్టు 9 నుంచి 13". ఆగస్టు 30న మళ్లీ ఒళ్లు కాలితే, ఎన్నడూ వెళ్లని ఆసుపత్రి క్యాజువాలిటీకి పరుగెత్తవలసి వచ్చింది. అక్కడి డ్యూటీ డాక్టరు లావుపాటి ఫైలును పక్కన పెట్టి, నిలబడే ఆ పేజీ చదివి, అప్పటికప్పుడు ఎకో (గుండె స్కానింగ్) రాశారట.

ఇమ్యూనిటీ తగ్గించే మందులు వాడుతున్న పిల్లలకి టీకాలు వేయించొచ్చా?

చచ్చిన వైరస్‌తోనో దాని భాగాలతోనో చేసిన టీకాలు వేయించవచ్చు. ఫ్లూ ఇంజెక్షన్ ఆ కోవలోదే. దాన్ని ఏటా, వీలైతే వానలు మొదలుకాకముందే వేయించాలి. 9 ఏళ్ల లోపు పిల్లలకు మొదటిసారి వేస్తున్నప్పుడు 4 వారాల తేడాతో 2 డోసులు అవసరం. మన నగరంలోనే తయారై, 2022 జనవరిలో 15 నుంచి 18 ఏళ్లవారికి, మార్చిలో 12 నుంచి 14 ఏళ్లవారికి ఇవ్వడం మొదలుపెట్టిన కోవాక్సిన్, కార్బెవాక్స్ కూడా బతికున్న వైరస్ టీకాలు కావు.

తట్టు, గవదబిళ్లలు, చికెన్‌పాక్స్ టీకాలు మాత్రం బలహీనపరిచిన సజీవ వైరస్‌తో చేసినవి. రోజుకు కిలోకు 2 మి.గ్రా. లేదా మొత్తం 20 మి.గ్రా., అంతకు మించి ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్‌ను 14 రోజులో అంతకన్నా ఎక్కువో వాడిన పిల్లలకు, ఆ మోతాదు ఆపాక కనీసం 4 వారాలు గడిచేదాకా వీటిని వేయరు. ఇంట్లో మిగతావారందరూ తమ టీకాలు పూర్తి చేసుకోవడం బిడ్డకు ఇంకో రక్షణ, కానీ ఈ సలహాను తాతయ్యలు ఎందుకో తేలిగ్గా తీసుకుంటారు.

బోనాలకీ పెళ్లిళ్లకీ తీసుకెళ్లకూడదా?

తీసుకెళ్లవచ్చు. మందుల మోతాదు ఎక్కువగా ఉన్న వారాల్లో మూసిన ఫంక్షన్ హాళ్లలోని రద్దీని, దగ్గుతున్నవారి ఒడిని తప్పించండి. బిడ్డను ఏళ్ల తరబడి నాలుగు గోడల మధ్య ఉంచమని ఏ డాక్టరూ చెప్పరు.

## జ్వరం ఉన్న రోజుల్లో

స్టెరాయిడ్ నడుస్తోంది, జ్వరమొచ్చింది. ఇన్ఫెక్షన్ పెరుగుతుందేమో, ఆపెయ్యాలా?

ఆపకూడదు. ఈ పేజీలో ఒక్క జవాబే చదివే సమయం ఉంటే ఇది చదవండి. కొన్ని వారాలపాటు స్టెరాయిడ్ వాడిన శరీరంలో, మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు సొంతంగా కార్టిసాల్ అనే హార్మోన్‌ను తయారు చేయడం తగ్గించేస్తాయి. జ్వరం వచ్చినప్పుడు మామూలు పిల్లల్లో కార్టిసాల్ దానంతట అదే పెరుగుతుంది, మన బిడ్డలో పెరగదు. ఆ సమయంలో మాత్రను కూడా ఆపితే బీపీ, చక్కెర పడిపోయి ప్రాణం మీదకు రావచ్చు. అందుకే జ్వరపు రోజుల్లో డాక్టర్లు చాలాసార్లు మోతాదును పెంచుతారు. ఎంత పెంచాలో ముందే కాగితం మీద రాయించుకొని దగ్గర ఉంచుకోండి. వాంతులతో మాత్ర నిలవకపోతే ఇంజెక్షన్ రూపంలో ఇవ్వవలసి ఉంటుంది కాబట్టి తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

మెథోట్రెక్సేట్, అజాథయోప్రిన్, బయోలాజిక్ ఇంజెక్షన్ల వంటి ఇమ్యూనిటీ తగ్గించే మందుల సంగతి వేరు. తీవ్రమైన ఇన్ఫెక్షన్లో వీటిని కొన్నాళ్లు నిలిపివేయమని డాక్టరు చెప్పవచ్చు. అన్నిటినీ "పవర్ మందులు" అని ఒకే గాటన కట్టి ఒకేసారి మానేయడం వల్లనే ఎక్కువ నష్టం జరుగుతోంది.

పారాసిటమాల్ ఎంత వెయ్యాలి? తగ్గకపోతే ఇబుప్రోఫెన్ వెయ్యొచ్చా?

పారాసిటమాల్ కిలోకు 15 మి.గ్రా. చొప్పున, 6 గంటలకు ఒకసారి, రోజుకు 4 సార్లకు మించకుండా. 20 కిలోల బిడ్డకు ఒక్కోసారి 300 మి.గ్రా. అవుతుంది. 5 మి.లీ.లో 250 మి.గ్రా. ఉండే సిరప్ అయితే 6 మి.లీ., 125 మి.గ్రా. ఉండేదైతే 12 మి.లీ.; కాబట్టి మూత లెక్కన కాకుండా సీసా మీది అంకె చదివి పోయండి. డెంగీ కాదని తేలేదాకా ఇబుప్రోఫెన్, ఆస్పిరిన్ వేయకూడదు, ఎందుకంటే రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది. కిడ్నీ జబ్బున్న పిల్లలకు ఇబుప్రోఫెన్ అసలే మంచిది కాదు. కీళ్లవాతానికి రోజూ ఇబుప్రోఫెన్ కోవకే చెందిన నాప్రోక్సెన్ వాడుతున్నవారు జ్వరం వచ్చిన రోజే డాక్టరుకు ఫోను చేసి, కొనసాగించాలో లేదో అడగాలి.

పాప ఏమీ తినట్లేదు, ఇన్సులిన్ మానేద్దామా?

టైప్-1 మధుమేహంలో ఇన్సులిన్ పూర్తిగా మానడమన్నది ఉండదు. తిండి లేకపోయినా జ్వరం చక్కెరను పెంచుతుంది. 2 నుంచి 4 గంటలకు ఒకసారి చక్కెర చూసి, కీటోన్లు (ఇన్సులిన్ చాలనప్పుడు రక్తంలో పేరుకునే ఆమ్లాలు) పరీక్షించి, మోతాదును డాక్టరు చెప్పినట్లు సవరించాలి. కడుపునొప్పి, వాంతులు ఈ కీటోన్లు మితిమీరే కీటోయాసిడోసిస్ వల్ల కావచ్చు, వైరస్ తరువాతి ఇన్‌ఫ్లమేషన్ వల్లా కావచ్చు. రెంటికీ ఆసుపత్రే దారి.

డెంగీ అన్నారు. బొప్పాయి ఆకు రసం పోస్తే ప్లేట్‌లెట్స్ పెరుగుతాయి కదా?

డెంగీలో పిల్లల ప్రాణానికి ముప్పు ఎక్కువగా ప్లాస్మా (రక్తంలోని ద్రవభాగం) రక్తనాళాల నుంచి బయటికి కారిపోవడం వల్ల వస్తుంది. ఆకు రసం దాన్ని ఆపదు. చేదు రసం తాగించబోయి ఉన్న కాస్త ద్రవాన్నీ వాంతి చేయించడం నేను చాలాసార్లు చూశాను. 3 నుంచి 7 రోజుల మధ్య, సరిగ్గా జ్వరం దిగుతున్న సమయంలోనే ఈ కారడం మొదలవుతుంది. తెరిపి లేని వాంతులు, కడుపునొప్పి, చిగుళ్ల నుంచి రక్తం, మగత, మూత్రం తగ్గడం కనిపిస్తే, థర్మామీటరు 98 చూపుతున్నా సరే బయలుదేరాలి. నెఫ్రోటిక్ సిండ్రోమ్‌తో ఒళ్లు వాచిన పిల్లలకు, కిడ్నీ పని తగ్గిన పిల్లలకు ద్రవాలను కొలత లేకుండా పోయకూడదు. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, కిడ్నీ బలహీనంగా ఉంటే అది గుండె లయను దెబ్బతీస్తుంది.

ఇంకొక మాట. డెంగీ కూడా అరుదుగా మాస్ వంటి స్థితికి దారితీస్తుంది. వారం దాటినా జ్వరం దిగకుండా, కాలేయం, ప్లీహం పెరుగుతూ, రక్తకణాలన్నీ కలిసి పడిపోతుంటే వైద్యులు ఆ దిశగా పరీక్షలు చేస్తారు.

పక్కింట్లో పిల్లాడికి అమ్మవారు పోసింది. మా పాప నిన్న వాడితో ఆడింది. ఏం చెయ్యాలి?

స్టెరాయిడ్లు, ఇమ్యూనిటీ తగ్గించే మందులు వాడుతున్న పాప అయితే ఈ రోజే ఫోను చేయండి. పొక్కులు వచ్చేదాకా చూడకూడదు. ఇంతకుముందు చికెన్‌పాక్స్ రాని, టీకా పడని పిల్లలకు ప్రత్యేక ఇమ్యునోగ్లోబులిన్ (సిద్ధంగా ఉన్న యాంటీబాడీల మందు) ఇవ్వవచ్చు, అది 96 గంటల్లోగా పడితే మేలు, 10 రోజుల దాకా అవకాశం ఉంటుంది. పొక్కులు వచ్చేస్తే ఎసైక్లోవిర్ అనే వైరస్ మందు అవసరం. వేపాకులు పరిచి, తలుపుకు కట్టి అమ్మవారిని సాగనంపే ఆచారం మందుకు అడ్డు కాదు. రెండూ జరిగిన ఇళ్లు నాకు చాలా తెలుసు.

## జ్వరం తగ్గిన తరువాత

తగ్గి మూడు వారాలైంది, మళ్లీ జ్వరం. ఇంకో వైరలేనా?

కావచ్చు, కానీ ఆ మాట ఇంట్లో కూర్చొని తేల్చుకోకూడదు. ముందటి జ్వరానికీ దీనికీ మధ్య 2 నుంచి 6 వారాలు ఉంటే, పైగా కడుపునొప్పి, వాంతులు, విరేచనాలు, పుసులు లేకుండా ఎర్రబడిన రెండు కళ్లు, దద్దుర్లు, పగిలి ఎర్రబడిన పెదవులు, వాచిన అరచేతులు వీటిలో ఏవైనా తోడైతే మిస్-సిని అనుమానించాలి. ఇందులో కడుపునొప్పి ఎంత తీవ్రంగా ఉండగలదంటే, అపెండిసైటిస్ అనుకొని ఆపరేషన్ దాకా వెళ్లిన పిల్లలున్నారు. మొదటి ఇన్ఫెక్షన్ ఒక్కరోజు ముక్కు కారడంతో సరిపోయి ఉండవచ్చు, ఎవరికీ గుర్తు కూడా ఉండకపోవచ్చు.

ఇది నా తప్పుతో నేర్చుకున్న పాఠం. ఒక సాయంత్రం ఫోనులో ఒక తండ్రి "బాబుకి నిన్నటి నుంచి జ్వరం, కడుపునొప్పి" అంటే, ఊళ్లో అప్పుడు విరేచనాలు తిరుగుతున్నాయి కాబట్టి "రేపటిదాకా చూద్దామండీ" అన్నాను. మర్నాటి రాత్రి బాబు కాళ్లూ చేతులూ చల్లబడి ఐసీయూలో చేరాడు. కోలుకున్నాడు. అప్పటి నుంచి ఫోను ఎత్తగానే నేను అడిగే మొదటి మాట, "ముందటి జ్వరం ఏ తేదీన తగ్గింది?"

రిపోర్టులో అన్నీ నార్మల్ రేంజ్‌లోనే ఉన్నాయి. మరి అడ్మిట్ ఎందుకు చెయ్యమంటున్నారు?

ల్యాబ్ అచ్చువేసే నార్మల్ రేంజ్ ఆరోగ్యంగా ఉన్న పిల్లలది. సిస్టమిక్ జె.ఐ.ఎ. చురుగ్గా ఉన్న బిడ్డకు ప్లేట్‌లెట్స్, తెల్లకణాలు, ఇన్‌ఫ్లమేషన్‌ను చూపే ఇ.ఎస్.ఆర్. అన్నీ ఎక్కువగా ఉండాలి. జ్వరం మండుతుండగా 6 లక్షల ప్లేట్‌లెట్స్ 2 లక్షలకు దిగితే, కాగితం మీద పక్కన నక్షత్రం గుర్తు ఉండదు, అంకె లావుగా అచ్చవదు, చూసినవారికి జబ్బు తగ్గుతున్నట్లే ఉంటుంది. నిజానికి అది మాస్ మొదలైన ఆనవాలు కావచ్చు. ఇ.ఎస్.ఆర్. అయితే మరీ మోసం చేస్తుంది. దాన్ని పెంచే ఫైబ్రినోజెన్ అనే ప్రోటీన్ మాస్‌లో ఖర్చైపోతుంది కాబట్టి, బిడ్డ క్షీణిస్తుంటే ఇ.ఎస్.ఆర్. 90 నుంచి 20కి "మెరుగుపడుతుంది".

అందుకే వైద్యులు ఫెరిటిన్ చూస్తారు. 2016లో అంతర్జాతీయంగా ఒప్పుకున్న ప్రమాణాల ప్రకారం, సిస్టమిక్ జె.ఐ.ఎ. ఉండి జ్వరంతో ఉన్న బిడ్డలో ఫెరిటిన్ 684 దాటి, దానితోపాటు ఈ నాలుగింటిలో రెండు ఉంటే మాస్ అంటారు: ప్లేట్‌లెట్స్ 1 లక్షా 81 వేలు లేదా అంతకు తక్కువ, కాలేయపు ఎంజైమ్ ఎ.ఎస్.టి. 48కి పైన, ట్రైగ్లిజరైడ్లనే కొవ్వులు 156కి పైన, ఫైబ్రినోజెన్ 360 లేదా అంతకు తక్కువ. వీటిలో 360 ఫైబ్రినోజెన్ చాలా ల్యాబుల్లో నార్మల్‌గానే అచ్చవుతుంది. జ్వరం తీరు కూడా మారుతుంది: రోజుకొకసారి ఎగిసి పూర్తిగా దిగే జ్వరం, దిగకుండా నిలిచిపోతుంది.

టోసిలిజుమాబ్ అనే బయోలాజిక్ ఇంజెక్షన్ తీసుకుంటున్న పిల్లల్లో సి.ఆర్.పి. పెరగడానికి కావలసిన సంకేతాన్నే ఆ మందు అడ్డుకుంటుంది, జ్వరం కూడా అణగవచ్చు. వారి సి.ఆర్.పి. 2 ఉందని నిశ్చింతగా ఉండకూడదు. ఏ అంకెనైనా మీ బిడ్డ పాత అంకెతో పోల్చమని అడగండి. అలా అడగడం డాక్టరును తప్పుపట్టడం కాదు.

సికిల్ సెల్ ఉన్న మా బాబు జ్వరం తగ్గాక బాగా పాలిపోయాడు. నీరసమేనా?

నీరసం కాకపోవచ్చు. పార్వోవైరస్ బి19 ఎముక మజ్జలో ఎర్రకణాల తయారీని వారం, 10 రోజులు నిలిపివేస్తుంది. మామూలు పిల్లల్లో ఎర్రకణం 120 రోజులు బతుకుతుంది కాబట్టి తేడా తెలియదు. సికిల్ సెల్‌లో అది 10 నుంచి 20 రోజులే కాబట్టి హిమోగ్లోబిన్ 8 నుంచి 4కి రోజుల్లో పడిపోగలదు. హిమోగ్లోబిన్‌తోపాటు రెటిక్యులోసైట్లు (కొత్తగా తయారైన ఎర్రకణాలు) పరీక్షించాలి. అవి బాగా తక్కువగా ఉంటే రక్తం ఎక్కించవలసి రావచ్చు. ఇంట్లో సికిల్ సెల్ ఉన్న తోబుట్టువులుంటే వాళ్ల రక్తం కూడా చూపించండి.

అర్ధరాత్రి ఏ లక్షణాలు చూసి పరుగెత్తాలి? ఎక్కడికి?

జ్వరంతో నిమిత్తం లేకుండా గుండె దడదడలాడడం, పడుకుంటే ఆయాసం, చల్లబడిన పాదాలు, లేపితే సరిగా పలకకపోవడం, 8 గంటలుగా మూత్రం రాకపోవడం, కొత్తగా కమిలిన మచ్చలు, ఫిట్స్: వీటిలో ఒక్కటి చాలు. గోరును 5 సెకన్లు నొక్కి వదిలితే 2 సెకన్లలో గులాబిరంగు తిరిగి రావాలి, రాకపోతే ఆలస్యం చేయకండి. పిల్లల ఐసీయూ, రాత్రిపూట ఎకో చేయగల ఏర్పాటు ఉన్న చోటికి వెళ్లడం ముఖ్యం. అవి మీ దగ్గరలో ఎక్కడున్నాయో ఈ పూటే కనుక్కొని రాసిపెట్టుకోండి. ప్రభుత్వ రంగంలో రెడ్‌హిల్స్‌లోని నిలోఫర్ తల్లులకు, పిల్లలకు ఉన్న పెద్దాసుపత్రి. పరిస్థితి బాగా లేకపోతే ఆటో కోసం చూడకుండా 108కి చేయండి.

## ఆసుపత్రిలో

ఐవీఐజీ అన్నారు, ఒక్కరోజులో అన్ని సీసాలా?

అది వేలమంది దాతల ప్లాస్మా నుంచి తీసిన యాంటీబాడీల మందు. మోతాదు కిలోకు 2 గ్రాములు. 20 కిలోల బిడ్డకు 40 గ్రాములు, అంటే 5 గ్రాముల సీసాలు 8. దాన్ని నిదానంగా, సాధారణంగా 10, 12 గంటలపాటు ఎక్కిస్తారు. గుండె బలహీనంగా ఉంటే ఇంకా నెమ్మదిగా. దాతల యాంటీబాడీలు కలిసిపోతాయి కాబట్టి ఆ తరువాత చేసే యాంటీబాడీ పరీక్షలు తప్పుదారి పట్టించగలవు. అవసరమైన రక్తం ముందే తీశారా అని అడగండి.

ఇన్ఫెక్షన్ వల్లే వచ్చిందంటున్నారు, మళ్లీ పెద్ద డోసు స్టెరాయిడ్ ఇస్తున్నారు. ఇదెక్కడి న్యాయం?

ఈ దశలో అవయవాలను దెబ్బతీస్తున్నది ప్రధానంగా సొంత రక్షణ వ్యవస్థ. దాన్ని చల్లబరచడానికే మిథైల్ ప్రెడ్నిసోలోన్. మాస్‌లో అది చాలకపోతే సైక్లోస్పోరిన్, అనాకిన్రా వంటివి. బాక్టీరియా ఇన్ఫెక్షన్ లేదని తేలేదాకా యాంటీబయాటిక్‌లు కూడా పక్కన నడుస్తాయి.

ఆరోగ్యశ్రీలో అవుతుందా?

తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి ఆ పథకం పరిమితి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయలు. మీ బిడ్డ చికిత్స ఏ ప్యాకేజీ కిందికి వస్తుందో, బయట కొనవలసిన మందులేవో చేరిన రోజే ఆసుపత్రిలో ఆ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోండి. డిశ్చార్జి రోజున అడిగితే చాలా సందర్భాల్లో సమయం మించిపోయి ఉంటుంది.

## ఇంటికి వచ్చాక

పిల్లలకి ఆస్పిరిన్ వద్దంటారు, మాకేమో ఆస్పిరినే రాశారు?

మిస్-సి, రక్తనాళాలు వాచే కవసాకి జబ్బుల తరువాత గుండె రక్తనాళాల్లో గడ్డ కట్టకుండా కిలోకు 3 నుంచి 5 మి.గ్రా. చొప్పున తక్కువ మోతాదులో ఇస్తారు. దానితో ఇబుప్రోఫెన్ కలిపితే ఆస్పిరిన్ పని దెబ్బతింటుంది. ఆ రోజుల్లో ఫ్లూ గానీ చికెన్‌పాక్స్ గానీ తగిలితే కాలేయం, మెదడు దెబ్బతినే రేస్ సిండ్రోమ్ ప్రమాదం ఉంది కాబట్టి వెంటనే డాక్టరుకు చెప్పాలి.

బాగానే ఉన్నాడు, క్రికెట్ ఆడతానంటున్నాడు. పంపనా?

గుండె కండరం దెబ్బతిన్న పిల్లలు 3 నుంచి 6 నెలలు పరుగు, పోటీ ఆటలు మానాలి. ఎకో బాగున్నా, గాయపడిన కండరం శ్రమలో లయ తప్పవచ్చు. బడికి వెళ్లవచ్చు, పీటీ పీరియడ్‌లో కూర్చోబెట్టమని చీటీ రాయించండి. అంపైరుగా నిలబెడితే చాలామంది సర్దుకుంటారు. సాధారణంగా 1, 2 వారాలు గడిచాక ఒకసారి, 4 నుంచి 6 వారాలు గడిచాక రెండోసారి ఎకో మళ్లీ చేస్తారు. బాగున్నాడు కదా అని రెండోది ఎగ్గొట్టేవారే ఎక్కువ.

ఐవీఐజీ తరువాత ఆగిన టీకాలు ఎప్పుడు?

కిలోకు 2 గ్రాముల మోతాదు పడితే తట్టు, చికెన్‌పాక్స్ టీకాలకు 11 నెలలు ఆగాలి. ఫ్లూ ఇంజెక్షన్‌కు ఆ నిబంధన లేదు.

ఇది మళ్లీ వస్తుందా?

మిస్-సి రెండోసారి రావడం చాలా అరుదు. ఎక్కువమంది పిల్లల్లో గుండె పనితీరు వారాల్లో, నెలల్లో మామూలు స్థితికి చేరింది. మాస్ మాత్రం మళ్లీ రావచ్చు, మూలవ్యాధి అదుపు తప్పినప్పుడు ఆ అవకాశం ఎక్కువ. అందువల్ల డిశ్చార్జి కాగితంలోని చివరి ఫెరిటిన్, ప్లేట్‌లెట్స్ అంకెలను తేదీ వేసి ఇంట్లో రాసుకోండి. మందులు తగ్గిస్తున్న నెలల్లో జ్వరం వస్తే రెండో రోజుకు ఆగకుండా అదే రోజు రక్తపరీక్ష చేయించి, ఆ అంకెల పక్కన పెట్టి చూపించండి.